రిజిస్టరులో లేని పేరు

పడుపు వృత్తి గురించి ప్రభుత్వాలు రాసి పెట్టుకున్న కాగితాలకు లెక్కలేదు. చట్టాలు, రిజిస్టర్లు, వైద్య పరీక్షల పట్టికలు, పోలీసు రికార్డులు, కమిషన్ల నివేదికలు గత నూట అరవై ఏళ్ళుగా గుట్టలు గుట్టలుగా పోగుపడ్డాయి. వాటిలో ఏ దేశానివి తిరగేసినా ఒక పోలిక కనిపిస్తుంది. స్త్రీ పేరు ఉంటుంది, వయసు ఉంటుంది, ఆమె ఉండే వీధి ఉంటుంది, ఎన్నాళ్ళకోసారి పరీక్షకు రావాలో ఉంటుంది. ఆమె దగ్గరికి వచ్చిన మగవాడి పేరు మాత్రం సాధారణంగా ఉండదు.

ఇందులో వింతేముంది, అలాంటి చోటికి వెళ్ళేవాడు పేరు చెప్పుకుని వెళ్తాడా అని మీరు అనవచ్చు. నిజమే. కాని ఒక్క నిమిషం ఆమె వైపు నుంచి ఆలోచించండి. ముక్కూ మొహం తెలియని మనిషితో, తలుపు వేసిన గదిలోనో ఆగి ఉన్న కారులోనో, ఒంటరిగా ఉండాలి. అతనెవరో తెలిస్తే ఆమెకు కొంత రక్షణ. అతనికేమో తానెవరో తెలియకపోవడమే రక్షణ. ఉద్యోగం, సంసారం, పరువు అన్నీ ఆ గుట్టు మీదే ఆధారపడి ఉంటాయి. ఇద్దరి భయాలూ నిజమైనవే. కాకపోతే ఒకరిది పరువు పోతుందన్న భయం, ఒకరిది ప్రాణం పోతుందన్న భయం. ఈ రెంటికీ మధ్య సర్దుబాటు ఎలా జరిగింది, ఎవరు చేశారు, ఎవరు చెడగొట్టారు అన్నదే ఈ వ్యాసం.

నేను చరిత్రకారుణ్ణి కాను, సాఫ్ట్‌వేర్ రాసి బతికే ఇంజనీరుని. ఎదుటివాడు తనెవరో పూర్తిగా బయటపెట్టకుండానే నమ్మదగినవాడని తేల్చుకోవడం ఎలా అన్నది మా వృత్తిలో రోజూ ఎదురయ్యే ప్రశ్న. ఆ కుతూహలమే నన్ను ఈ చరిత్రలోకి దింపింది. ముందుగా రెండు మాటలు. ఈ వృత్తిలో పురుషులూ, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులూ కూడా ఉన్నారు. కాని పాత రికార్డులు ఎక్కువగా స్త్రీలవి కాబట్టి నేనూ స్త్రీలనే అంటున్నాను. ఇక చిన్నపిల్లల్ని దింపడం, బలవంతంగా దింపడం వేరే నేరాలు. వాటి విషయంలో సర్దుబాటు అన్న మాటకే చోటు లేదు.

సైనికుల కోసం స్త్రీల చిట్టా

ఆధునిక కాలపు రిజిస్టరు సైన్యం అవసరం కోసం పుట్టింది. సుఖరోగాలతో సిపాయిలు మంచాన పడుతున్నారని బ్రిటిష్ పార్లమెంటు 1864లో అంటురోగాల చట్టం చేసింది. మొదట 11 దండు ఊళ్ళకూ రేవులకూ వర్తించిన ఆ చట్టం 1866లోనూ 1869లోనూ ఇంకా విస్తరించింది. మామూలు దుస్తుల్లో తిరిగే పోలీసులు ఫలానా స్త్రీ వేశ్య అని అనుమానిస్తే చాలు, ఆమె వైద్య పరీక్షకు రావాలి. రోగం ఉంటే లాక్ హాస్పిటల్లో నిర్బంధం. మరి సిపాయిల సంగతి? బ్రిటిష్ సైన్యంలో సిపాయిలకు ఇలాంటి పరీక్షలు అంతకుముందు ఉండేవి. వాళ్ళకు అవమానంగా ఉందని 1859లో మానేశారు. అవమానం లెక్క మగవాడి విషయంలో వేశారు, ఆడదాని విషయంలో వేయలేదు.

ఈ తేడా ఏమిటని అడిగినవాళ్ళకు 1871 నాటి రాయల్ కమిషన్ ఒక సమాధానం చెప్పింది. స్త్రీకి అది డబ్బు సంపాదన, పురుషుడికి సహజమైన కోరిక తీర్చుకోవడం, కాబట్టి ఇద్దరినీ పోల్చడానికి వీల్లేదని దాని సారాంశం. జోసెఫిన్ బట్లర్ నాయకత్వంలో ఆడవాళ్ళు పదిహేనేళ్ళకు పైగా పోరాడితే గాని ఆ చట్టాలు 1886లో రద్దు కాలేదు.

మన దేశానికి ఈ పద్ధతి కొత్తది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో లాక్ హాస్పిటళ్ళు 1805 నుంచే ఉన్నాయి. 1864 కంటోన్మెంటు చట్టం, 1868 అంటురోగాల చట్టం వాటికి కొత్త బలం ఇచ్చాయి. కంటోన్మెంటుల్లో స్త్రీలను రెండు తరగతులుగా విడదీశారు: తెల్ల సిపాయిలు వెళ్ళేవాళ్ళు, వెళ్ళనివాళ్ళు. పేరు రాసుకోవడం, పరీక్షలు చేయడం ప్రధానంగా మొదటి తరగతి వాళ్ళకే. అంటే ఆ చిట్టా ఆమె ఆరోగ్యం కోసం పెట్టింది కాదు, ఆమె దగ్గరికి వచ్చేవాడి ఆరోగ్యం కోసం పెట్టింది. 1868 చట్టం 1888లో రద్దయినా కంటోన్మెంటుల్లో పాత పద్ధతి సాగుతూనే ఉందని ఎలిజబెత్ ఆండ్రూ, కేథరిన్ బుష్నెల్ అనే ఇద్దరు అమెరికన్ స్త్రీలు బయటపెట్టారు. 1891-92లో ఉత్తర భారతంలో పది కంటోన్మెంటులు తిరిగి, అక్కడి స్త్రీలతో స్వయంగా మాట్లాడి, 1893లో లండన్‌లో విచారణ సంఘం ముందు సాక్ష్యం చెప్పారు. అలాంటిదేమీ లేదని మొదట కొట్టిపారేసిన మాజీ సేనాధిపతి లార్డ్ రాబర్ట్స్ తర్వాత క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

తన మీద చెయ్యి చేసుకున్న సిపాయి ఫలానా అని ఆ స్త్రీలలో ఒకరు చెప్పదలిస్తే, ఆ చిట్టాలో రాయడానికి గడి లేదు. అది అందుకు పెట్టిన పుస్తకం కాదు.

నీలి పుస్తకం

అమెరికాలో ఈ కథ మరో రూపంలో నడిచింది. న్యూ ఆర్లీన్స్ నగరం 1897లో ఒక ఆర్డినెన్సు చేసి పడుపు వృత్తిని కొన్ని వీధులకు పరిమితం చేసింది. ఆ ఆర్డినెన్సు రాసిన కౌన్సిల్ సభ్యుడు సిడ్నీ స్టోరీ. ఊరి జనం ఆ పేటకు ఆయన పేరే తగిలించి స్టోరీవిల్ అన్నారు. పాపం ఆయనకు అది బొత్తిగా ఇష్టం లేదు. ఈ మొత్తం చరిత్రలో కోరకుండానే పేరుకెక్కిన మగవాడు ఆయనొక్కడే అనిపిస్తుంది.

ఆ పేటకు వచ్చే మగవాళ్ళ కోసం బ్లూ బుక్ అనే చిన్న పుస్తకం అచ్చేసి అమ్మేవాళ్ళు. అందులో స్త్రీల పేర్లు, చిరునామాలు, వాళ్ళు తెల్లవాళ్ళా నల్లవాళ్ళా అని సూచించే అక్షరాలు, మధ్యలో సారా వ్యాపారుల ప్రకటనలు. కొనుక్కున్నవాడి పేరు ఎక్కడా ఉండదు. అదే కాలంలో ఇ. జె. బెల్లాక్ అనే ఫొటోగ్రాఫర్ 1912 ప్రాంతంలో ఆ పేట స్త్రీల ఫొటోలు తీశాడు. ఆయన చనిపోయిన చాలా ఏళ్ళకు ఆ గాజు పలకలు బయటపడ్డాయి. కొన్నింటిలో స్త్రీల మొహాలు గీకేసి ఉన్నాయి. ఎవరు గీకారో, ఎందుకు గీకారో ఎవరికీ ఖచ్చితంగా తెలియదు. గుట్టు కావలసింది మగవాడికే అనుకోవడం పొరపాటని మాత్రం ఆ ఫొటోలు చూస్తే అర్థమవుతుంది. ఆమెకూ ఒక ఊరు, ఒక కుటుంబం ఉంటాయి. ఆమె గుట్టును నగరమే అచ్చువేయనిచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం ఒత్తిడి మీద 1917 నవంబరులో స్టోరీవిల్ మూతపడింది. మరుసటి ఏడు చేసిన చేంబర్లైన్-కాన్ చట్టం కింద సిపాయిల ఆరోగ్యం పేరుతో స్త్రీలను పట్టుకుని, పరీక్షించి, నిర్బంధించడానికి ఫెడరల్ డబ్బు వచ్చింది. ఖండం మారినా పద్ధతి మారలేదు.

రేడియోలో తొమ్మిది పేర్లు

సరే, మగవాడి పేరు కూడా బయటపెడితే సరిపోతుంది కదా అని కొందరికి తోచింది. అమెరికాలో ఇలాంటి మగవాణ్ణి జాన్ అంటారు. అందరూ చెప్పే దొంగ పేరు అదే కాబట్టి అది జాతి పేరు అయిపోయిందని చెబుతారు. న్యూయార్క్ మేయర్ ఎడ్ కాచ్ ఈ జాన్‌ల అసలు పేర్లు చదివిస్తానన్నాడు. 1979 అక్టోబరులో నగరపు సొంత రేడియో స్టేషన్ డబ్ల్యూఎన్‌వైసీలో, వేశ్యల దగ్గరికి వెళ్ళినందుకు శిక్ష పడ్డ తొమ్మిది మంది పేర్లు చదివారు. విమర్శలు వెల్లువెత్తాయి. ఆ కార్యక్రమం మళ్ళీ రాలేదు.

ఈ పద్ధతి మొదట వినగానే న్యాయంగానే అనిపిస్తుంది. ఇన్నాళ్ళూ ఆడవాళ్ళ పేర్లు ఊరంతా చదివారు కదా, ఇప్పుడు మీ వంతు అన్నట్టుగా. కాని ఆ తొమ్మిది పేర్లు ఎవరికి ఉపయోగపడ్డాయి? ఆ రాత్రి వీధిలో నిలబడ్డ స్త్రీకి, ఎదురుగా ఆగిన కారులో ఉన్నవాడు మంచివాడో చెడ్డవాడో చెప్పగలిగాయా? లేదు. పైగా పేరు రేడియోకెక్కుతుందని తెలిసినవాడు ఇంకా చీకటి వీధిలో కారు ఆపుతాడు, ఇంకా తొందర పెడతాడు, పేరు అడిగితే ఇంకో జాన్ అంటాడు.

మా వృత్తి భాషలో చెప్పాలంటే, ఇక్కడ రెండు వేరు వేరు పనుల్ని ఒకటిగా కలిపేశారు. ఒక మనిషిని గుర్తుపట్టగలగడం వేరు, ఆ మనిషి గుర్తింపును లోకానికి చాటడం వేరు. హోటల్లో గది తీసుకుంటే డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తాం. ఆ పేరు హోటలు గోడకు అంటించరు. కాని గదిలో ఏదైనా ఘోరం జరిగితే ఆ పేరు దొరుకుతుంది. తన పేరు అవసరమైతే దొరుకుతుందని తెలిసిన మనిషి నడవడిక వేరుగా ఉంటుంది. వీధిలో నిలబడే స్త్రీకి కావలసింది ఇంతే. ఆమెకు రేడియో అక్కర్లేదు.

ట్రక్కు ఎవరిదో చెప్పినా

ఇంత మాత్రం రక్షణ దొరకనప్పుడు ఏం జరుగుతుందో సియాటిల్‌లో జరిగింది. అక్కడి విమానాశ్రయం పక్కనే, ఆ రోజుల్లో పసిఫిక్ హైవే సౌత్ అని పిలిచిన రోడ్డు ఉంది. ఆ ఊళ్ళో ఉండే తెలుగువాళ్ళలో ఆ రోడ్డు చూడనివాళ్ళు తక్కువ. 1982 వేసవిలో దగ్గరి గ్రీన్ రివర్‌లో స్త్రీల శవాలు దొరకడం మొదలయింది. వాళ్ళలో చాలామంది ఆ రోడ్డు మీద కార్లెక్కినవాళ్ళు. ఇరవై ఏళ్ళు నిండనివాళ్ళు ఎందరో.

1983లో ఒక అమ్మాయి ఒక పికప్ ట్రక్కు ఎక్కడం ఆమె ప్రియుడు చూశాడు. ఆమె తిరిగి రాలేదు. కొద్దిరోజుల తర్వాత అతనూ ఆ అమ్మాయి తండ్రీ కలిసి ఆ ట్రక్కు కోసం వీధులు గాలించి, ఒక ఇంటి ముందు దాన్ని పట్టుకుని, పోలీసుల్ని పిలిచారు. పోలీసులు తలుపు తట్టారు. ఇంటాయన నాకేమీ తెలియదన్నాడు. పోలీసులు వెళ్ళిపోయారు. ఆ ఇంటాయన గ్యారీ రిడ్జ్‌వే, ట్రక్కుల కంపెనీలో రంగులు వేసే కార్మికుడు. ఆ తర్వాత కూడా హత్యలు జరిగాయి. 1987లో తీసుకున్న అతని లాలాజలం నమూనా డీఎన్ఏ పరీక్షలో సరిపోలడంతో 2001 నవంబరులో అరెస్టయ్యాడు. 2003లో 48 హత్యలు ఒప్పుకున్నాడు, 2011లో మరొకటి. ఈ స్త్రీలనే ఎందుకు ఎంచుకున్నావంటే, ఎవరి కంటా పడకుండా ఎక్కించుకోవచ్చు, కనబడకపోయినా వెంటనే ఎవరూ ఫిర్యాదు చేయరు అన్నది అతని జవాబు. అతను వాడుకున్నది ఆ వృత్తి ఇచ్చే చీకటినే.

కెనడాలో వాంకూవర్ కథ ఇంతకన్నా చేదు. డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్ పేట నుంచి ఏళ్ళ తరబడి స్త్రీలు మాయమవుతూ వచ్చారు. 1997 మార్చిలో ఒక స్త్రీ కత్తిపోట్లతో రాబర్ట్ పిక్టన్ అనేవాడి పందుల ఫారం నుంచి తప్పించుకుంది. అతని మీద హత్యాయత్నం కేసు పెట్టారు. 1998 జనవరిలో ఆ కేసు ఆపేశారు. 2002లో వేరే కారణం మీద సోదా చేస్తే గాని నిజం బయటపడలేదు. 33 మంది స్త్రీల ఆనవాళ్ళు ఆ ఫారంలో దొరికాయి. 2007లో ఆరు హత్యలకు శిక్ష పడింది. పోలీసుల వైఫల్యం మీద విచారణ జరిపిన వాలీ ఒప్పల్ మన పంజాబీ కుటుంబం బిడ్డ, మాజీ న్యాయమూర్తి. 2012లో ఆయన ఇచ్చిన నివేదికలో ప్రధానమైన విషయం ఇదే: ఈ స్త్రీలకు తెలిసినదాన్ని, వాళ్ళ కోసం వెతికినవాళ్ళు చెప్పినదాన్ని వ్యవస్థ విలువైనదిగా చూడలేదు.

చేతులు మారిన జాబితాలు

ప్రభుత్వం రాయని చిట్టాను చివరికి ఆ స్త్రీలే రాసుకున్నారు. వాంకూవర్‌లో బ్యాడ్ డేట్ షీట్లు అనేవి 1980లలోనే మొదలయ్యాయి. ఎవరైనా కొడితే, డబ్బు లాక్కుంటే, కారులోంచి దిగనివ్వకపోతే ఆ మనిషి పోలికలు, కారు రంగు, నంబరు, జరిగిన చోటు కాగితం మీద రాసి, ప్రతులు తీసి పంచేవాళ్ళు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ స్త్రీల సంఘం 1986లో ఇలాంటిదే మొదలుపెట్టి అగ్లీ మగ్స్ అని పేరు పెట్టింది. ఆ పేరుతోనే ఈ పద్ధతి బ్రిటన్‌కు వెళ్ళింది. 2012లో అక్కడ నేషనల్ అగ్లీ మగ్స్ అనే జాతీయ స్థాయి సంస్థ ఏర్పడింది. దాడికి గురైన స్త్రీ తన పేరు చెప్పకుండానే వివరాలు ఇవ్వవచ్చు. ఆమె ఒప్పుకుంటేనే పూర్తి ఫిర్యాదు పోలీసులకు వెళ్తుంది.

ఈ జాబితాల నిర్మాణం గమనించండి. వచ్చిన ప్రతి మగవాడి పేరూ అందులో ఎక్కదు. చెయ్యి చేసుకున్నవాడిదే ఎక్కుతుంది. అదీ అవసరమైనవాళ్ళ మధ్యే తిరుగుతుంది. మర్యాదగా వచ్చి వెళ్ళేవాడి గుట్టు చెక్కుచెదరదు. తర్వాత ఇంటర్నెట్టు వచ్చాక ఇంకో పద్ధతి కలిసింది. కొత్తగా వచ్చేవాణ్ణి, ఇంతకుముందు కలిసిన ఇద్దరు స్త్రీల పేర్లు చెప్పమంటారు. వాళ్ళను అడిగి, ఇతను ఇబ్బంది పెట్టే మనిషి కాదని తేలితేనే ఒప్పుకుంటారు. అతని అసలు పేరు కూడా అవసరం లేకుండా అతని నడవడికకు పూచీ దొరికింది. పెద్ద పెద్ద కంపెనీలు కోట్లు ఖర్చుపెట్టి కట్టే నమ్మకపు వ్యవస్థల వెనకున్న సూత్రం ఇదే. కంప్యూటరు సైన్సు చదవని ఆడవాళ్ళు ప్రాణం మీదికి వచ్చి దాన్ని కనిపెట్టుకున్నారు.

దీనికీ లోపాలున్నాయి. కక్షతో ఒకడి పేరు ఎక్కించవచ్చు. జాబితా బయటికి పొక్కితే బ్లాక్‌మెయిల్‌కు పనికొస్తుంది. పేర్లు పోగుచేసిన ప్రతిచోటా ఈ ప్రమాదం ఉంది. అందుకే తక్కువ రాయడం, తక్కువమందికి చూపించడం, పని తీరాక చెరిపేయడం అన్న మూడు నియమాలు ఏ జాబితాకైనా అవసరం.

మూడో మనిషి

మరి ఇంత మంచి ఉపాయం ఉండగా అది ఎందుకు నిలదొక్కుకోలేదు? ఇక్కడే నాకు ఈ చరిత్రలో అసలు విషయం కనిపించింది. అతని పేరు ఆమె దగ్గర ఉంటే అతనికి భయం, ఎవరి దగ్గరా లేకపోతే ఆమెకు భయం. ఇద్దరూ నమ్మే మూడో మనిషి దగ్గర ఉంటే ఇద్దరికీ చాలావరకు భయం తీరుతుంది. ఫోను తీసుకునే మనిషి, గుమ్మం దగ్గర కూర్చునే మనిషి, కారు నంబరు రాసుకునే స్నేహితురాలు. చాలా దేశాల చట్టాలు సరిగ్గా ఈ మూడో మనిషినే నేరస్థుడిగా చేశాయి.

కెనడాలో ఒకప్పుడు పడుపు వృత్తి దానంతటది నేరం కాదు. కాని ఒక ఇంట్లో చేస్తే నేరం, ఆమె సంపాదన మీద బతికితే నేరం, బహిరంగ స్థలంలో బేరం మాట్లాడితే నేరం. రెండో నిబంధన కింద కాపలా మనిషి, డ్రైవరు కూడా దోషులే. మూడో నిబంధన భయానికి ఆమె మనిషిని ఎగాదిగా చూసి, నాలుగు మాటలు మాట్లాడి తేల్చుకునే వీలు లేకుండా కారెక్కేయాలి. వాంకూవర్‌లో స్త్రీలు హత్యలకు గురవుతున్న రోజుల్లో గ్రాండ్‌మాస్ హౌస్ అనే సురక్షిత గృహం వెలిస్తే, వేశ్యాగృహం నడుపుతున్నారని కేసు పెట్టారు. అది మూతపడింది. ముగ్గురు స్త్రీలు కోర్టుకెక్కగా, 2013 డిసెంబరులో కెనడా సుప్రీంకోర్టు బెడ్‌ఫర్డ్ కేసులో ఈ మూడు నిబంధనల్నీ ఏకగ్రీవంగా కొట్టేసింది. ముందుగా మాట్లాడి తేల్చుకునే అవకాశం ఒక్క స్త్రీనైనా పిక్టన్ కారు ఎక్కకుండా ఆపగలిగేదైతే, ఈ నిబంధన చేసిన హాని ఎంతటిదో రుజువైనట్టేనని ప్రధాన న్యాయమూర్తి బెవర్లీ మెక్‌లాక్లిన్ అభిప్రాయపడ్డారు.

ఏడాది తిరిగేలోగా కెనడా పార్లమెంటు కొత్త చట్టం చేసి, అమ్మడం కాకుండా కొనడాన్ని నేరం చేసింది. ఇది 1999లో స్వీడన్ మొదలుపెట్టిన దారి. అక్కడి వాదనకు బలం లేకపోలేదు. నూట యాభై ఏళ్ళు స్త్రీని శిక్షించారు, ఇప్పుడు బాధ్యత మగవాడి మీద పెడదాం అన్నది దాని సారం. వీధుల్లో పడుపు వృత్తి సగానికి తగ్గిందని 2010లో స్వీడిష్ ప్రభుత్వ సమీక్ష చెప్పింది. కాని కొనడమే నేరమైనప్పుడు కొనేవాడు పేరు చెప్పడు. భయం లేనివాడు, పోగొట్టుకునేదేమీ లేనివాడు మిగులుతాడు. ఫ్రాన్సు 2016లో ఇలాంటి చట్టం చేస్తే, అది తమ ప్రాణాలకు ముప్పు అంటూ 261 మంది ఆ వృత్తిలోని వాళ్ళు యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్ళారు. 2024 జులైలో కోర్టు చట్టాన్ని తప్పుపట్టలేదు. వాదన మాత్రం ఇంకా తెగలేదు.

న్యూజిలాండ్ 2003లో ఇంకో దారి పట్టింది. పార్లమెంటులో 60 మంది అవునన్నారు, 59 మంది కాదన్నారు, ఒకరు తటస్థంగా ఉన్నారు. ఆ ఒక్క ఓటు తేడాతో ఇద్దరి మధ్య ఒప్పందమూ నేరం కాకుండా పోయింది. ఇద్దరు ముగ్గురు స్త్రీలు ఒకచోట కలిసి పనిచేసుకోవచ్చు. వచ్చినవాణ్ణి ఎప్పుడైనా, ఏ కారణం మీదైనా వద్దనే హక్కు చట్టంలోనే ఉంది. జర్మనీలో 2017లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం మాత్రం మళ్ళీ పాత పుస్తకమే తెరిచింది: స్త్రీలు పేరు నమోదు చేసుకుని కార్డు తీసుకోవాలి, వచ్చేవాడికి నమోదు లేదు.

అమెరికాలో 2018 ఏప్రిల్‌లో బ్యాక్‌పేజ్ అనే ప్రకటనల సైటును ప్రభుత్వం మూయించింది. అదే నెలలో ఫాస్టా చట్టం వచ్చింది. ఆ సైటు మీద పిల్లల్ని అమ్మిన కేసులు నిజమైనవే, కోపమూ న్యాయమైనదే. కాని చట్టం భయానికి, స్త్రీలు ఒకరినొకరు హెచ్చరించుకునే చోట్లు కూడా కొన్ని మూతపడ్డాయి. 2021లో ఫెడరల్ ఆడిట్ సంస్థ లెక్క తీస్తే, ఆ చట్టంలోని కొత్త నేర నిబంధనను ప్రాసిక్యూటర్లు అప్పటికి వాడింది ఒక్కసారే.

మన ఇంటి సంగతి

ఈ విషయం తెలుగువాడికి కొత్త కాదనడానికి కన్యాశుల్కం ఒక్కటి చాలు. పూటకూళ్ళమ్మ చీపురుకట్టతో వచ్చినప్పుడు మంచం కింద రామప్ప పంతులు, గిరీశం ఇద్దరూ దాక్కుంటారు. మనం ఆ దృశ్యానికి నూట పాతికేళ్ళుగా నవ్వుతున్నాం. అందులో ఒక సంగతి చూడండి: మంచం కింద ఎవరున్నారో మధురవాణికి తెలుసు. వాళ్ళ ఊరు, వాళ్ళ బతుకు, వాళ్ళ అబద్ధాలు అన్నీ తెలుసు. ఆమెకున్న బలంలో చాలా భాగం అదే. చిన్న ఊళ్ళో వచ్చేవాడు తెలిసినవాడు, ఇంట్లో ఒక పెద్ద ముసలమ్మ కాపలా. ఆ ఏర్పాటులో దోపిడీ ఎంతైనా ఉంది, దాన్ని నేను పొగడడం లేదు. కాని ముక్కూ మొహం తెలియని గిరాకీ రైళ్ళూ కంటోన్మెంటులూ నగరాలూ పెరిగాక మరింత విరివిగా వచ్చింది. దాంతోపాటే ఈ ప్రమాదమూ పెరిగింది.

మన దేశంలో ఇప్పుడున్న చట్టం 1956లో చేసినది, 1986లో సవరించి పేరు మార్చారు. దాని ప్రకారం ఇద్దరు స్త్రీలు తమ ఇద్దరి లాభం కోసం కలిసి వాడుకునే ఇల్లు కూడా వేశ్యాగృహమే. ఆమె సంపాదన మీద ఆధారపడే పెద్దవాళ్ళు ఎవరైనా నేరస్థులే. అంటే మూడో మనిషికి మన చట్టంలోనూ చోటు లేదు. ఇక మన పేపర్లు ఎలా రాస్తాయో మీకు తెలుసు. వ్యభిచార గృహంపై దాడి, ఇన్ని జంటల అరెస్టు అని శీర్షిక. ఫొటోలో కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్న స్త్రీలు. విటుడు అన్న ఒక్క మాటతో మగవాడి సంగతి ముగుస్తుంది.

ఈ ఫొటోల గురించి మన సుప్రీంకోర్టు 2022 మే 19న మాట్లాడింది. కోల్‌కతాలో 1999లో జరిగిన ఒక స్త్రీ హత్య కేసు నుంచి మొదలై ఏళ్ళ తరబడి సాగిన విచారణ అది. దాడులప్పుడు ఈ స్త్రీల గుర్తింపు, ఫొటోలు మీడియా బయటపెట్టకూడదంది. ఆధార్ కార్డు ఇవ్వాలి కాని ఫలానా వృత్తి అని తెలిపే గుర్తేదీ దాని మీద ఉండకూడదంది. తమపై దాడి జరిగిందని వస్తే మిగతా బాధితుల్లాగే చూడాలంది. ప్రభుత్వ కాగితం మీద ఆమె పేరు ఉండి కూడా ఆమె గుట్టు కాపాడవచ్చని ఒక ఉన్నత న్యాయస్థానం చెప్పిన అరుదైన సందర్భాల్లో ఇదొకటి.

ఇది అమెరికా తెలుగువాళ్ళు చదివే సంచిక కాబట్టి ఇంకొక్కటి చెప్పాలి. 2018లో షికాగోలో ఒక తెలుగు జంటను ఫెడరల్ అధికారులు అరెస్టు చేశారు. తెలుగు సంఘాల వేడుకల పేరు చెప్పి తాత్కాలిక వీసాల మీద నటీమణులను రప్పించి వ్యభిచారం చేయించారన్నది అభియోగం. కోర్టు కాగితాల్లో ఆ స్త్రీల పేర్లు రాయలేదు, ఒక్కొక్కరికి ఒక్కో అక్షరం పెట్టారు. మంచి పని. మరి మనం ఏం చేశాం? ఆ అక్షరాల వెనక ఎవరున్నారో ఊహించడం మొదలుపెట్టాం. ఫలానా సినిమాలో ఫలానా అమ్మాయి అని టీవీల్లో, విందుల్లో చెప్పుకున్నాం. డబ్బిచ్చినవాళ్ళు ఎవరన్న ప్రశ్న మాత్రం అంత ఉత్సాహంగా ఎవరూ అడగలేదు. వాళ్ళు మన మధ్య ఉండేవాళ్ళే కావడానికి అవకాశం ఎక్కువని తెలిసి కూడా.

వాళ్ళ పేర్లు చదవమని నేను అనడం లేదు. రేడియోలో చదివితే ఏమైందో చూశాం. కాని పరదేశంలో, వీసా చేతిలో లేకుండా, భాష రాని హోటల్లో చిక్కుకున్న ఒక స్త్రీ, తన గదిలోకి వచ్చినవాడెవడో పోలీసుల కన్నా ముందు నమ్మి చెప్పుకోగల ఒక్క మనిషి, ఒక్క ఫోను నంబరు మన సంఘాల దగ్గర ఉందా? గృహహింసకు గురైన కోడళ్ళ కోసం మన ఆడవాళ్ళు ఇలాంటి నంబర్లు పెట్టారు, పరువు పోతుందన్న పెద్దలు ఉండగానే పెట్టారు. ఆమె పేరు అడగకుండా సాయం చేశారు. ఆ నంబరు ఈమెకు కూడా పనిచేస్తుందని సంఘం వేడుకకు వచ్చే ప్రతి కళాకారిణి చేతికీ ఒక చిన్న కాగితం ఇవ్వడం పెద్ద ఖర్చేమీ కాదు. మూడో మనిషి అవసరమని నూట అరవై ఏళ్ళ చరిత్ర చెబుతోంది. ఆ మనిషి మనమే కావచ్చు.